తణికాచలం కింది ఊరు

తరతరాలుగా చెన్నపట్నంలో కాపురమున్న మన తెలుగు కుటుంబాలలో తణికాచలం అన్న పేరు వినబడని ఇల్లు తక్కువ. తాత పేరో, తాతగారి తమ్ముని పేరో, కాకపోతే వీధి చివర కొట్టు పెట్టుకున్న ఆసామి పేరో అయివుంటుంది. తిరుపతి వెంకన్న మొక్కు తరువాత మన ఆడవాళ్ళ నోట తరచుగా వచ్చే మొక్కు తిరుత్తణిదే. పిల్లవాడి జ్వరం దిగకపోయినా, పిల్లకు సంబంధం కుదరకపోయినా, "తిరుత్తణికి కావడి ఎత్తిస్తాను స్వామీ" అని పసుపుగుడ్డలో రూపాయి కట్టి దేవుని గూట్లో పెట్టడం మనమెరిగినదే.

ఇంతగా ఎరిగిన క్షేత్రమే అయినా, కొండ కింది ఊరు మాత్రం మనలో చాలామందికి తెలియదు. రైలు దిగుతాము, కొండ ఎక్కుతాము, తలనీలాలిస్తాము, దర్శనం చేసుకుంటాము. దిగివచ్చి రెండు ఇడ్డెన్లు తిని, అటు తిరుపతి బస్సో ఇటు చెన్నపట్నం రైలో పట్టుకుంటాము. ఈ నెల ఆ ఊరిని గురించే నాలుగు మాటలు చెప్పుకుందామని మా ఉద్దేశం. కారణం లేకపోలేదు. ఆ ఊరికి జరిగినదానికీ మనకు జరిగినదానికీ దగ్గర చుట్టరికమున్నది.

చెన్నపట్నానికి వాయవ్యంగా దాదాపు 85 కిలోమీటర్ల దూరాన ఉన్నది తిరుత్తణి. సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ స్టేషనులో లోకల్ రైలు ఎక్కితే తిరువళ్ళూరు, అరక్కోణం మీదుగా తిన్నగా అక్కడికే పోవచ్చును. అరక్కోణం దాకా నేలంతా బల్లపరుపు. వరిచేలు, చెరుకు తోటలు, చెరువు గట్ల మీద తాటిచెట్లు. అరక్కోణంలో రైలు ఉత్తరానికి మళ్ళిన కొంతసేపటికి కిటికీలో కొండలు తొంగిచూడడం మొదలుపెడతాయి. ఇవి తూర్పు కనుమలకు చెందిన గుట్టలు. ఇంకా ఉత్తరాన నగరి కొండ కనిపిస్తుంది. దాని శిఖరం మనిషి ముక్కులాగా ఉండడం చేత పూర్వం ఓడలవాళ్ళు సముద్రంలోనుంచి దానిని చూచి చెన్నపట్నం దగ్గర పడిందని గుర్తుపట్టేవారట. ఈ గుట్టల వరుసలో, ఊరిని ఆనుకొని నిలిచినదే స్వామి కొండ. మద్రాసు, బొంబాయి నగరాలను కలుపుతూ 1871లో పూర్తయిన రైలు దారి ఈ ఊరి మీదుగానే పోతుంది. తిరుపతికి పోయే పెద్ద రోడ్డు కూడా ఇటే. అందుచేత ఊరు చిన్నదైనా దారిలో ఉన్న ఊరు. 2011 జనాభా లెక్కల నాటికి పురపాలక సంఘపు హద్దులలో ఉన్నవారు 44 వేల పైచిలుకు.

ఇక్కడి నీళ్ళకూ మన ఇళ్ళకూ ఉన్న సంబంధం మరి కొంచెం వింతైనది. ఊరి దగ్గర పారే చిన్న ఏటిని నంది నది అంటారు. అది పోయి కుశస్థలిలో కలుస్తుంది. తమిళులు కొసస్థలై అనే ఈ కుశస్థలి చిత్తూరు కొండల వైపునుంచి పళ్ళిపట్టు మీదుగా దిగివచ్చి పూండి జలాశయంలో చేరుతుంది. 1944లో కట్టిన ఆ పూండి చెరువు నీళ్ళే మన కొళాయిలలోకి వచ్చేవి. 1996 నుంచి కృష్ణానది నీళ్ళు తెలుగుగంగ కాలువ ద్వారా అదే పూండికి వస్తున్నాయి గనుక కృష్ణమ్మ పేరు అందరికీ తెలిసింది. అంతకు ఎన్నో ఏండ్లుగా మన బిందెలు నింపిన కుశస్థలి పేరు ఎవరూ తలచరు. కొండల్లో కృష్ణాపురం జలాశయం నిండి తలుపులు ఎత్తినప్పుడు పళ్ళిపట్టు దగ్గర వంతెనలు మునిగాయని పత్రికలో చదివి మనం పేజీ తిప్పేస్తాము. ఆ నీళ్ళు నాలుగు రోజులలో మన వంటింటికే వస్తున్నవి!

శీతోష్ణాల మాటకు వస్తే తిరుత్తణికి ఎండ పేరే ముందు. సముద్రపు గాలి మనకు మధ్యాహ్నం దాటేసరికి అందుతుంది. అక్కడికి పోయేసరికి అది అలసిపోయి ఉంటుంది. మే నెలలో పత్రికలు వేసే ఎండల పట్టికలో వేలూరు, తిరుత్తణి పోటీపడుతూ ఉంటాయి. 43, 44 డిగ్రీలు అక్కడ అబ్బురం కాదు. కొండరాళ్ళు పగలంతా కాగి రాత్రంతా ఆ వేడిని ఊరి మీదికి వదులుతాయి. మెట్ల మీద ఉత్తకాళ్ళతో నడిచినవారికి ఈ విషయం మేము చెప్పనక్కరలేదు. అయితే అదే ఎండ పుణ్యమా అని జూలై, ఆగస్టు నెలల్లో సాయంత్రాలు ఉరుములతో జడివానలు కురుస్తాయి. చెన్నపట్నంలో చినుకు లేనినాడు కూడా పడమటి దిక్కున మెరుపులు కనిపిస్తే మన పెద్దలు "తిరుత్తణి వైపు పడుతున్నట్లుంది" అనేవారు. అసలు వానలు మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాలు తెచ్చేవే. చెరువులు నిండేది వాటితోనే. ఆ వానలు తప్పితే మరుసటి ఏడు చెరుకూ లేదు, వేరుసెనగా లేదు.

ఇక కొండ సంగతి. తణి అంటే తమిళంలో చల్లబడడం, ఉపశమించడం. తిరుచెందూరులో శూరపద్ముని చంపిన తరువాత సుబ్రహ్మణ్యస్వామి కోపం ఇక్కడ చల్లారిందనీ, ఇక్కడనే వల్లీదేవిని పెండ్లాడి నిలిచాడనీ స్థలపురాణం. ఆరు పడైవీడులలో ఇది ఐదవది. కోపం చల్లారిన చోటు గనుక మిగతా క్షేత్రాలలో స్కంద షష్ఠినాడు జరిగే శూరసంహార వేడుక ఇక్కడ జరపరు. ఆనాడు స్వామికి పూలతో అర్చన మాత్రమే చేస్తారు. యుద్ధం మాట ఎత్తరు. ఈ ఒక్క ఆచారం కోసమైనా తిరుత్తణిని గౌరవించవచ్చునని మాకు తోచింది. ఎదురుగా నెమలికి బదులు ఏనుగు ఉండడం మరొక విశేషం. అది దేవేంద్రుడు కూతురికి అరణమిచ్చిన ఐరావతమట. అది స్వామి వైపు కాక తూర్పు ముఖంగా, పుట్టింటి వైపు చూస్తూ ఉంటుందని చెబుతారు. ఆడపిల్లను అత్తవారింటికి పంపిన ఏ తల్లికైనా ఈ కథ విడమరచి చెప్పనక్కరలేదు.

కొండ ఎక్కడానికి మెట్లు 365. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. కార్లు పోయే రోడ్డు వేరే ఉన్నది గాని, మోకాళ్ళు సహకరించినంత కాలం మెట్లదారే మేలు.

ఊరిలోనే కొండకంటె తక్కువగా పేరున్న వీరట్టానేశ్వరుని గుడి ఒకటున్నది. తొమ్మిదవ శతాబ్ది చివర రాజ్యం చేసిన అపరాజిత పల్లవుని కాలపు కట్టడం అది. పల్లవ రాజులలో చివరివాడు అతడే. తరువాత ఆదిత్య చోళుడు అతనిని ఓడించి తొండమండలాన్ని చోళరాజ్యంలో కలుపుకొన్నాడు. ఈ గుడి విమానం వెనుకవైపు ఏనుగు వీపులాగా గుండ్రంగా ఉంటుంది. గజపృష్ఠమంటారు. ఇలాంటి గుడి మనవాళ్ళు కొందరు రేణిగుంట దగ్గరి గుడిమల్లంలో చూచి ఉంటారు. ఒకటి నేడు తమిళనాట, ఒకటి ఆంధ్రదేశాన. కట్టిననాడు రెంటి నడుమ గీత ఏదీ లేదు. తిరుత్తణికి దగ్గరలోని తిరువాలంగాడులో దొరికిన రాజేంద్ర చోళుని రాగి శాసనాలు చరిత్రకారులకు పెద్ద నిధి. నటరాజస్వామి ఐదు సభలలో రత్నసభ కూడా అక్కడనే. తీరిక ఉన్నవారు ఆ ఊరికి వేరే ఒక పూట కేటాయించవలె.

తరువాతి శతాబ్దాలలో ఈ ప్రాంతం కార్వేటినగరం ప్రభువుల ఏలుబడిలోకి వచ్చింది. వారు తెలుగువారు. మువ్వగోపాలుని మీద క్షేత్రయ్య వలె, కార్వేటినగరపు వేణుగోపాలుని మీద పదాలు చెప్పిన సారంగపాణి ఆ సంస్థానం వాడే. కచ్చేరీ చిట్టాలు, కౌలు కాగితాలు, పద్యాలు, పదాలు తెలుగున నడిచాయి. కొండమీద అరుణగిరినాథుని తిరుప్పుగళ్ తమిళాన మోగింది. సంతలో రెండూ నడిచాయి. ఇది గొప్ప సమన్వయమని ఆనాడు ఎవరూ ఉపన్యాసాలివ్వలేదు. బేరం కుదరవలెనంటే రెండు భాషలూ రావాలి, అంతే.

సంగీతాభిమానులైన పాఠకులు ఇక్కడ కొంచెం ఆగవలె. ముత్తుస్వామి దీక్షితులు వాగ్గేయకారుడైనది ఈ కొండమీదనే. ఆయన తండ్రి రామస్వామి దీక్షితులను మణలి ముదలియార్లు ఆదరించి తమ ఊరిలో ఉంచుకున్నారు. ఆ మణలి నేడు మన నగరంలోనే, నూనె శుద్ధి కర్మాగారాల పొగ నడుమ ఉన్నది. అక్కడ పిల్లలుగా ఉన్నప్పుడే ఆ అన్నదమ్ములకు కోటలోని దొరల బ్యాండు సంగీతం చెవిన పడింది. తమ్ముడు బాలుస్వామి వయొలిన్ నేర్చుకొని దానిని మన కచేరీలోకి తెచ్చాడు. ముత్తుస్వామి మాత్రం చిదంబరనాథ యోగి వెంట కాశీకి పోయి, గురువు గతించిన తరువాత తిరిగివచ్చాడు. కాశీలో ఎన్నో చూచి, ఎంతో నేర్చి వచ్చిన యువకునికి నోట ఒక్క కృతి ఇంకా పలకలేదు. తిరుత్తణికి వచ్చి కొండమీద ధ్యానంలో కూర్చున్నాడు. ఒక వృద్ధుడు వచ్చి "నోరు తెరు" అని కలకండ పలుకు ఒకటి నోట వేసి మాయమైనాడట. అప్పుడు వచ్చినదే మాయామాళవగౌళలోని "శ్రీనాథాది గురుగుహో". పిల్లలు సరళి వరుసలు నేర్చుకొనే రాగం అది. తొలి కృతికి ఆ రాగమే రావడం ఎంత పొందికగా ఉన్నదో చూడండి. నాటినుంచి ఆయన ముద్ర గురుగుహ. అంటే ఈ కొండమీది స్వామియే. 1835లో ఎట్టయపురంలో కాలంచేసేదాకా ఆయన ఏ ఊరి దేవునిమీద పాడినా చివరకు తిరుత్తణి దేవుని పేరు చెప్పుకోకుండా విడువలేదు.

ఈ ఊరి మరొక బిడ్డ పేరు మీద మైలాపూరులో రోడ్డే ఉన్నది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబాన పుట్టారు. ఇంటిపేరు నెల్లూరు సీమలోని సర్వేపల్లి గ్రామాన్నిబట్టి వచ్చింది. తండ్రి వీరాస్వామి జమీందారీలో చిన్న రెవెన్యూ ఉద్యోగి. అక్షరాలు ఈ ఊరి బడిలోనే దిద్దుకొని, తరువాత తిరుపతిలోనూ వేలూరులోనూ చదివి, చెన్నపట్నం క్రిస్టియన్ కాలేజీకి వచ్చారు. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులు. 1962లో రాష్ట్రపతి. 1975 ఏప్రిల్ 17న మన నగరంలోనే కన్నుమూశారు. దేశమంతటా ఉపాధ్యాయ దినోత్సవంనాడు పిల్లలు ఈ ఊరి పేరు వ్యాసాలలో రాస్తారు. తిరుత్తణి ఎక్కడున్నదని అడిగితే మాత్రం కొందరు ఆంధ్రలోనంటారు, కొందరు తమిళనాటనంటారు. 1888లో రెండూ లేవు. ఉన్నది మద్రాసు రాజధాని, అందులో ఉత్తర ఆర్కాటు జిల్లా.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాము. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో చేరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు చిత్తూరు జిల్లాతో పాటు అటు పోయింది. అప్పటి వేడి నేటివారికి చెబితే తెలియదు. "మదరాసు మనదే" అని మన పెద్దలు గొంతెత్తిన రోజులవి. మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరులో ప్రాణాలు విడిచిన గాయం ఇంకా పచ్చిగా ఉన్నది. మదరాసు మనకు దక్కలేదు. ఇంకొక వైపున మ. పొ. శివజ్ఞానంగారు తిరుపతి కొండదాకా తమిళదేశమేనని ఉద్యమం నడిపారు. వారికి తిరుపతి దక్కలేదు. ఇద్దరి నడుమ తిరుత్తణి నలిగింది. తమిళ బడులు లేవని, తమిళ పిల్లలకు తెలుగు రుద్దుతున్నారని మంగళంకిళార్ వంటివారు అంతకుముందు నుంచే ఊరూరా తిరిగి తమిళం చెప్పారు. వారి బాధ నిజమైనదే. ఇది ఒప్పుకోకుండా తరువాతి కథ చెబితే అది న్యాయం కాదు.

చివరకు పటాస్కర్‌గారిని మధ్యవర్తిగా పెట్టుకొన్నారు. గ్రామాన్ని ఒక్కొక్క ప్రమాణంగా తీసుకొని, ఏ భాషవారు ఎక్కువ ఉన్నారో, ఏ గ్రామానికి ఏది ఆనుకొని ఉన్నదో చూచి గీత గీయాలన్నది వారి పద్ధతి. 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాకు వచ్చాయి. బదులుగా సత్యవేడు ప్రాంతమూ, సేలం జిల్లాలోని కొన్ని పల్లెలూ ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ఆనాడు దేశానికి ఉపరాష్ట్రపతిగా ఉన్నది రాధాకృష్ణన్‌గారే. తాము పుట్టిన ఊరు రాష్ట్రం మారడం ఆయన ఢిల్లీలో కూర్చొని చూచారు.

రక్తపాతం లేకుండా, ఇచ్చిపుచ్చుకొనే పద్ధతిలో సరిహద్దు తేలడం మంచిదే. మేము దానిని తప్పుపట్టడం లేదు. గీత ఎక్కడ గీసినా ఇటు కొందరు, అటు కొందరు మిగిలిపోక తప్పదు. అయినా ఒక మాట. 1952లో తిరుత్తణిలో పుట్టిన మనిషిని తలచుకోండి. ఏడాది పిల్లవాడుగా ఆంధ్రరాష్ట్రంలో ఉన్నాడు. నాలుగేండ్లకు ఆంధ్రప్రదేశ్‌వాడైనాడు. ఎనిమిదేండ్లకు మద్రాసు రాష్ట్రంవాడు, పదిహేడేండ్లకు తమిళనాడువాడు. 1997లో తిరువళ్ళూరు జిల్లావాడు. ఇంతలో అతడు ఇల్లు కూడా మారలేదు. నగరికి ఇచ్చిన అక్కగారు మాత్రం ఒకనాటి తెల్లవారుజామున పరరాష్ట్రపు మనిషి అయింది. కూరలు తెచ్చుకొనే సంత దూరంలోనే!

ఆ మనిషి తెలుగు ఏమయింది? మాటగా నిలిచింది. తిరుత్తణి బజారులో నేటికీ తెలుగు మాట్లాడితే కొట్టువాడు తడుముకోకుండా తెలుగులోనే ధర చెబుతాడు. "ఎబ్బుడు వచ్చినారు? రాండి, కూసోండి" అనే చిత్తూరు పలుకు అది. మధ్యమధ్య తమిళం తొణుకుతుంది. మన చూళై తెలుగుకూ, పెరంబూరు తెలుగుకూ అది మేనత్త కూతురు. అక్షరం మాత్రం మాటంత గట్టిగా నిలువలేదు. బడి తమిళమైతే బిడ్డ తమిళం రాయడం న్యాయమే, ఉన్న ఊరి భాష రాకుండా బ్రతుకు సాగదు. తమిళంతోపాటు తెలుగు కూడా దిద్దించే ఏర్పాటు ఎన్ని ఊళ్ళలో నిలిచిందన్నదే ప్రశ్న. 2006లో ఇక్కడి ప్రభుత్వం పదవ తరగతి దాకా తమిళాన్ని మొదటి భాషగా నిర్బంధం చేస్తూ చట్టం తెచ్చింది. 2016లో ఆ పిల్లలు పరీక్షకు వచ్చేసరికి తెలుగువారూ, ఇతర అల్పసంఖ్యాక భాషలవారూ కోర్టులకెక్కి మినహాయింపులు తెచ్చుకోవలసివచ్చింది. ఈ తిప్పలు మన నగరంలో మనమూ పడుతున్నవే గనుక ఇంతకంటె చెప్పనక్కరలేదు. ఒకనాడు మంగళంకిళార్ అడిగినదీ, నేడు మనం అడుగుతున్నదీ ఒకటే కావడం మాత్రం గమనించదగినది.

ఇంత జరిగినా పండుగలకు గీత తగలలేదు. తిరుత్తణికి పెద్ద పండుగ ఆడికృత్తిక. ఇందులో ఒక తమాషా ఉన్నది. మనకు ఆడి అనే నెలే లేదు. మన ఉగాది చంద్రుని వెంట, తమిళుల చిత్తిరై సూర్యుని వెంట. అయినా చిత్తూరు, నెల్లూరు సీమల తెలుగువారూ, చెన్నపట్నపు తెలుగువారూ ఈ ఒక్క పండుగకు మాత్రం తమిళ నెలనే పట్టుకొంటారు. ఆషాఢ కృత్తిక అని గాని శ్రావణ కృత్తిక అని గాని ఎవరూ అనరు. కృత్తికా నక్షత్రం ఇరవై ఏడు రోజులకొకసారి తిరిగివస్తుంది, ఆడి నెలకేమో ముప్పైఒకటో ముప్పైరెండో రోజులు. అందుచేత కొన్ని ఏండ్లలో ఒకే ఆడిలో రెండు కృత్తికలు పడతాయి. ఏది అసలుదని ఆనాడు మన ఇళ్ళలో జరిగే చర్చలు పార్లమెంటులో కూడా జరగవు.

జూలై మధ్యనుంచి ఆగస్టు మధ్యలోపల వస్తుంది ఈ పండుగ. ఆ రోజున కొండదారి పసుపుబట్టలతో నిండిపోతుంది. తిరుత్తణి ప్రత్యేకత పూలకావడి. వంచిన బద్దలకు పూలదండలు చుట్టి, భుజానికెత్తి, "అరోహరా" అంటూ మెట్లెక్కుతారు. పాలకావడులు, నెమలి ఈకల కావడులూ ఉంటాయి. ముసలివారు, చంటిపిల్లల తల్లులు, నిన్నటిదాకా దేవుడు లేడని వాదించిన కాలేజీ కుర్రవాడు కూడా ఆ వరుసలో కనబడతాడు. అమ్మ మొక్కు మరి. సాయంత్రం కొండ కింద శరవణ పుష్కరిణిలో స్వామికి తెప్పతిరునాళ్ళు మూడు రోజులు జరుగుతాయి. దీపాలు పెట్టిన తెప్ప నీటిమీద తిరుగుతూ ఉంటే గట్లమీద జనం ఒక్కసారిగా నిట్టూర్చే ధ్వని వినితీరవలసినదే గాని చెప్పేది కాదు. సరిగా ఆ వేళకే పడమటి ఉరుము వాన ఒకటి కురిసి అందరినీ తడిపిపోవడం కూడా సంప్రదాయంలో భాగమే అనవచ్చును.

కోస్తా జిల్లాలనుంచి కొత్తగా వచ్చిన కోడళ్ళకు ఇది కొంచెం అయోమయంగా ఉంటుంది. వాళ్ళెరిగిన సుబ్బారాయుడు పుట్టలో పాము. మార్గశిర షష్ఠినాడు పాలు పోయించుకొనే దేవుడు. ఇక్కడేమో వేలాయుధం పట్టిన పడుచువాడు, ఇద్దరు భార్యలు. రెండు తరాలు గడిచేసరికి ఆ కోడళ్ళే పుట్టకు పాలూ పోస్తారు, కృత్తికకు ఉపవాసమూ ఉంటారు.

డిసెంబరు 31 రాత్రి జరిగే మెట్లపండుగకు ఒక చరిత్ర ఉన్నది. తెల్లదొరల కాలంలో జనవరి 1న చిన్న ఉద్యోగులు నిమ్మపళ్ళు, పూలమాలలు పట్టుకొని దొరల బంగళాల ముందు కాచుకొని ఉండేవారు. వళ్ళిమలై సచ్చిదానందస్వామివారు అది చూచి, "దొరలకు దొర కొండమీద ఉన్నాడు, మొదటి దండం ఆయనకు పెట్టండి" అని భక్తులను తిరుత్తణికి మళ్ళించారు. 1917లో మొదలైంది ఆ ఆచారం. ఒక్కొక్క మెట్టు దగ్గర కర్పూరం వెలిగించి, తిరుప్పుగళ్ పాడుతూ ఎక్కుతారు. దొరలు పోయి ఎన్నో ఏండ్లయింది, పాట నిలిచింది. ఇవి కాక మాసి నెల బ్రహ్మోత్సవంలో వల్లీకల్యాణం, చిత్తిరై బ్రహ్మోత్సవంలో దేవసేనా కల్యాణం ఉన్నవి.

కొండవారి పండుగలు ఇవి. ఊరివారి పండుగ వేరే ఉన్నది. ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుడి ముందు జరిగే భారతం అది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివర నేలమీద మట్టితో చేసిన దుర్యోధనుని వధ, ఆపైన అగ్నిగుండం తొక్కడం. సరిహద్దుకు ఈవలి పల్లెల్లో ఈ భారతం తమిళాన సాగుతుంది, ఆవలి పల్లెల్లో తెలుగున. ఆడేవారు మాత్రం ఇటువారు అటు, అటువారు ఇటు పోతూనే ఉంటారు. అర్జునుడు తపస్సు మాను ఎక్కి కింద ఉన్నవారిమీదికి నిమ్మపళ్ళు, విభూతి విసిరేటప్పుడు కొంగు పట్టే తల్లికి పద్యం ఏ భాషలో ఉన్నదన్న చింత లేదు.

మా సంఘం వారు కొందరం మొన్న కృత్తిక ముగిసిన వారానికి తిరుత్తణి వెళ్ళాము. రద్దీ లేదు. కొండ దిగి, మెట్ల మొదట కావడి బద్దలు అద్దెకిచ్చే ఒక పెద్దాయన కొట్టు ముందు నీడకు కూర్చున్నాము. మా మాటలు విని, "మీరు పట్నం తెలుగోళ్ళా?" అని పలకరించాడు. వయసు డెబ్బై దాటింది. "నేను రెండో తరగతి దాకా తెలుగులో చదివితిని సామీ. ఆ పైన బడి అరవమైపాయ" అన్నాడు. కోపంగా కాదు, వాన వచ్చి వెలిసిందన్నట్లు అన్నాడు. మనుమరాలు పక్కన కూర్చొని చిల్లర లెక్క పెడుతున్నది. మాతో చక్కగా తెలుగు మాట్లాడింది. సంచిలో ఉన్న మన పత్రిక తీసి ఆ అమ్మాయికి ఇచ్చాము. బొమ్మలు చూచి తాత చేతికిచ్చింది.

ఆయన అట్టమీద పెద్ద అక్షరాలను వేలితో తాకుతూ ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. ఒక వత్తు దగ్గర ఆగిపోయాడు. మేము అందించబోతే చేయి అడ్డంపెట్టి, "ఉండండి, వస్తది" అన్నాడు. కొంతసేపటికి వచ్చింది. మనుమరాలు చిల్లర పక్కన పెట్టి, "అదెట్ల చెప్తివి తాతా, ఏదీ మళ్ళీ చూపించు" అని దగ్గరికి జరిగింది.

మా రైలుకు ఇంకా ముప్పావుగంట ఉన్నది.